రెండొందల గీతలు

అమ్మాయ్, నేను షెడ్డుకి పోతున్నా. టీవీ కట్టెయ్యకు. పదకొండింటికి నీ డ్రైవింగ్ పరీక్ష, కారు తాళాలు ఫ్రిజ్ మీదున్నాయి. "మూడుసార్లు తప్పాను, నా రాత ఇంతే" అని మూల కూర్చుంటే ఊరుకోను.

టీవీలో నువ్వాడే వీడియో గేములో ఆ రాక్షసుణ్ణి చంపితే రెండొందల్లో ఒకసారి ఉంగరం పడుతుందన్నావు. క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటూ రెండొందలసార్లు చంపాను, పడలేదు. "ఎన్నిసార్లు చంపావో ఆటకి గుర్తుండదు నాన్నా, ప్రతిసారీ మళ్ళీ అదే రెండొందల్లో ఒకటి" అని పడీపడీ నవ్వావు. ఒళ్ళు మండిపోయింది. ఏడో క్లాసుతో చదువాపేసిన నాకు లెక్క చెప్పే నోరు కదా, నీ పాత తప్పులు ఆ పరీక్షకి మాత్రం గుర్తుంటాయా? పైగా అది పాచిక కాదు, స్టీరింగు నీ చేతిలోనే ఉంటుంది.

ఉంగరం ఇందాకే పడింది, రెండొందల ముప్ఫై ఏడో చావుకి. నేను ముట్టుకోలేదు, టీవీలో అలాగే ఉంది. పాసైనా తప్పినా, వెళ్ళొచ్చి నువ్వే తీసుకో.