పాప మూతి బిగించింది

గురువారం రాత్రి, యూ టీలో మా ఫ్లాటు

ఈ రోజూ పాపని ఇంటికి పంపలేదు. నెలలు నిండకుండా పుట్టింది, బరువు లేదు, ముక్కులో గొట్టం. పాలన్నీ నోటితో తాగేదాకా ఆస్పత్రిలోనే ఉంచుతారట; అమ్మానాన్నల్ని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు.

మధ్యాహ్నం సీసా నేనే పట్టాను. నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారుకుంది. అత్తయ్య పొద్దున చెప్పి పంపినట్టే అరికాలు గిల్లాను. మా ఇళ్లల్లో పిల్లల్ని అలాగే లేపి తాగిస్తారు. ఉలిక్కిపడింది, పొలమారింది, పెదాలు నీలంగా అయిపోయాయి. నర్సు పరుగున వచ్చి దాన్ని కూర్చోబెట్టి వీపు నిమిరితే గానీ రంగు తిరిగి రాలేదు. మళ్లీ సీసా పెడితే మూతి బిగించేసింది.

"షీ సే నో. వీ స్టాప్ లా," అంది నర్సు ఇక్కడి ఇంగ్లీషులో, వద్దంటోంది కదా, ఆపేద్దాం అని. మిగతా పాలు గొట్టంలో పోసేసింది. అంతే. ఎవరూ దాన్ని బతిమాలలేదు.

ఇంటికి రాగానే అత్తయ్య, "సరిగ్గా గిల్లావా అసలు?" అని అడిగింది. మా ఆయన ఊరికి ఆ చివర చాంగీలో ఉన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "రేపైనా పంపిస్తారా? అమ్మ వీసా అయిపోవస్తోంది, ఒక్కసారైనా మనవరాల్ని ఎత్తుకోనీ," అన్నారు. అదేదో నా చేతిలో ఉన్నట్టు! ప్రాజెక్టు వదిలి తను మాత్రం ఆస్పత్రికి రాలేరు.

ఇందాక పాలు పిండే మిషన్ పెట్టుకుని కూర్చున్నాను, రెండు చేతులూ ఖాళీ లేవు. అత్తయ్య వెల్లుల్లి కారం అన్నం కలుపుకొచ్చింది. తింటేనే పాలు పడతాయంది. ఆకలి లేదన్నాను. ముద్ద నోటి దాకా వచ్చింది. నేనూ మూతి బిగించి చూశాను.

"తెరువమ్మా," అంది, ముద్ద అలాగే పట్టుకుని.

తెరిచాను.