గులాబీ రంగు ఫొటో

జనవరి 16, 2014

లిట్ క్లాస్‌లో కొత్త నవల మొదలైంది. పోలండ్‌ది, అక్కడ మిలిటరీ పాలన వచ్చినప్పటి కథ. హీరోయిన్‌కి పదహారేళ్లు, నా వయసే. ఒకరోజు తెల్లారేసరికి వీధుల్లో ట్యాంకులు, ఫోన్లు కట్, స్కూల్ బంద్. మా టీచర్ మిసెస్ వూయ్‌చిక్ చిన్నప్పుడు అదంతా చూసిందట. ట్యాంకులు తనకు సరిగ్గా గుర్తులేవట. ఇంట్లో మాట్లాడుకున్నది బయట చెప్పొద్దని వాళ్లమ్మ రోజూ షూ లేసులు కడుతూ చెప్పేదట, అది మాత్రం మర్చిపోలేదట. నాకు నవ్వొచ్చింది. మా నాన్న ఇండియాకి ఫోన్ చేస్తే పార్కింగ్ లాట్ మొత్తానికి వినిపిస్తుంది.

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. ఏడో క్లాస్ దాకా జగిత్యాలలో చదివింది ఇందుకు పనికొస్తోంది. బస్‌లో ఎవరు తొంగిచూసినా భయం లేదు.

జనవరి 25

కావ్యశ్రీ వాళ్ల బేస్‌మెంట్‌లో ఉగాది డాన్స్ ప్రాక్టీస్. మేమిద్దరం జంట. ఈ అరోరా ఊళ్లో నాకున్న ఒకే ఒక్క ఫ్రెండ్ కావ్య. వాళ్ల నాన్న ఆంజనేయప్రసాద్ అంకుల్ కన్సల్టెన్సీలోనే మా నాన్న పనిచేస్తాడు. మా వీసాలు కూడా ఆయన కంపెనీవే. నాలుగేళ్ల కిందట మేము దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయనే.

వాళ్లది తెనాలి. ఇల్లు మాత్రం హైదరాబాద్‌లో కట్టుకున్నారు. రాష్ట్రం విడిపోతే మా ఇల్లేమవుతుంది జయంతీ అని కావ్య వాళ్లమ్మ చాముండేశ్వరి ఆంటీ మా అమ్మని అడిగింది. ఇల్లు ఎటువోతదక్కా, ఏం గాదు అంది అమ్మ. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర గారెలు వేస్తున్నారు.

ఫిబ్రవరి 20

నాన్న స్కూల్‌కి పోనివ్వలేదు. రాజ్యసభల తెలంగాణ బిల్లు ఇయ్యాలనే పాసైతది, మల్ల చూద్దామన్నా దొరకదు అన్నాడు.

పాసైంది. నాన్న ఏడ్చాడు. ఉద్యమంలో చనిపోయిన తన క్లాస్‌మేట్ రాఘవులు పేరు చెప్పి ఏడ్చాడు. తర్వాత అమ్మ ముగ్గు రంగుల్లోంచి గులాబీ రంగు తీసి అందరి ముఖాలకూ పూశాడు. సోఫా ముందు చేతులెత్తి గంతులేశాడు. నాన్న డాన్స్ చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఫొటో తీసి కావ్యకి పంపాను. ఇంకెవరికి పంపుతాను? నవ్వుతున్న బొమ్మ పంపింది.

ఫిబ్రవరి 21

కావ్య ఫోన్ ఆంటీ చూసింది.

ఫిబ్రవరి 22

ప్రాక్టీస్ లేదని మెసేజ్. ఫొటో ఇక్కడి తెలుగు అసోసియేషన్ గ్రూప్‌లో తిరుగుతోందట. మొన్న బిల్లు పాసైన రోజు వాళ్లింట్లో వంట చేయలేదట. టీవీ చూస్తూ చూస్తూ అంకుల్ వాళ్లమ్మ శేషమ్మగారికి బీపీ పెరిగి తెనాలిలో హాస్పిటల్‌లో పెట్టారట. నాకేం తెలుసు? చావింటికి పెళ్లి ఫొటో పంపినట్టయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నాన్న నన్ను తిట్టలేదు. తప్పేం జేసిన, నా ఇంట్ల నేను నవ్విన అన్నాడు. కాసేపయ్యాక మళ్లీ అదే అన్నాడు. ఎవరూ అడగకుండానే.

ఏప్రిల్ 5

ఈరోజు ఉగాది ఫంక్షన్. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. జంట డాన్స్ కావ్య ఒక్కతే చేసిందట.

ఏప్రిల్ 11

నాన్న ప్రాజెక్ట్ అయిపోయింది. ఎప్పుడూ దానంతటదే ఎక్స్‌టెండ్ అయ్యేది. క్లయింట్ దగ్గర బడ్జెట్ లేదండీ నరసింహగారూ అని అంకుల్ ఫోన్ చేశాడు. ఇన్నేళ్లూ తమ్ముడూ అని పిలిచేవాడు. ఆ గారూ అన్న మాట దగ్గరే నాన్న కూర్చుండిపోయాడు.

ఏప్రిల్ 25

నాన్న సీట్‌లో ఇప్పుడు దివాకర్ అంకుల్ కూర్చుంటున్నాడట. ఆయనా అదే కన్సల్టెన్సీ, కావ్య వాళ్ల ఊరే. అమ్మకి టెంపుల్‌లో ఎవరో చెప్పారు. అమ్మ నాకు చెప్పి, ఇంట్ల మాట ఇంట్లనే ఉండాలె బిడ్డా అంది. ఈసారి నవ్వు రాలేదు.

ఫొటో వల్లేనా అని నాన్నని అడిగాను. కాదన్నాడు. చాలా తొందరగా అన్నాడు.

మే 9

వేరే కంపెనీ వీసా ట్రాన్స్‌ఫర్ చేస్తానని చేయలేదు. ఇంటర్వ్యూలు కూడా ఆగిపోయాయి. ఉద్యోగం లేకపోతే వీసా నిలవదు, ఇండియాకి వెళ్లిపోవాల్సిందే. టికెట్లు జూన్ 2కి దొరికాయి. తెలంగాణ వచ్చేదీ ఆ రోజే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మే 20

నవల తిరిగిచ్చేశాను. చివరి చాప్టర్ చదవలేదు. ఉంచుకో అంది మిసెస్ వూయ్‌చిక్. వద్దన్నాను.

లాకర్ దగ్గర కావ్య కనిపించింది. అమ్మ నా ఫోన్ డైలీ చెక్ చేస్తుంది, అయామ్ సో సారీ అంది. దాని తప్పు ఏముంది. ఆ ముక్క దానితో చెప్పలేదు. బెల్ కొట్టారు, వెళ్లిపోయాను.

జూన్ 2, ఓహేర్ ఎయిర్‌పోర్ట్, గేట్ దగ్గర

పక్క సీట్లో ఒక పెద్దావిడ. పులిహోర డబ్బా తెరిచి నా వైపు జరిపింది. మీది ఏ ఊరమ్మా అని అడిగింది.

సారీ, ఐ డోంట్ స్పీక్ తెలుగు అన్నాను.

నాన్న విన్నాడు.