నాయిన పేర పంచె

తమ్ముడు రాజలింగుకు, నేనిక్కడ సౌదీల రాస్ తనూరాలో కులాసా. ఫోన్లో నువ్వు మాట మారుస్తున్నావని, ఊరికొస్తున్న కుమార్ చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

మా రూములో నైజీరియా మనిషి అకిన్ ఉన్నాడు, యొరుబా తెగవాడు. వాళ్ళ పండుగలో తాతల పేర కట్టే వేషానికి ఇంటివాళ్ళు ఏటా కొత్త గుడ్డ కలిపి కుడతారు. అకిన్ ఫోన్లో ఆ వేషం వీడియో చూపిస్తే, రూములో ఒకడు దయ్యమని నవ్వాడు. “దయ్యం కాదు, మా తాత. లేచి నిలబడి చూడు” అన్నాడు అకిన్. నవ్వినవాడు లేచాడు.

నువ్వేమో “గివన్ని ఎందుకన్నా, కాలనీల నవ్వుతరు” అని, పెద్దలకు పెట్టుకునే పెత్రమాసనాడు, చనిపోయిన నాయిన పేర బట్టలు పెట్టనంటావు. పంచె పంపుతున్నాను, ఫొటో ముందు పెట్టాల్సిందే. బోరు మోటరు బాగైందా? పిల్లలకు దీవెనలు. పండుగనాడు తలుపు వేయకు. ఎవడన్నా నవ్వితే లేచి నిలబడమను.

నీ అన్న, గంగన్న