చావని కణాలు, పారేయని సీసా

గ్లాస్గో, 1963 మార్చి 4
మందుల కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,
ప్రయోగశాలలో ఎలుక కణాలను సీసాల్లో పెంచేది నేను. మీ థయోగ్వానిన్ పొడి వేస్తే అవి చావాలి. చావకపోగా బలుస్తున్నాయి. "పొడి బాగానే ఉంది, నీకే పని రాదు. మళ్ళీ ఇలా అయితే సీసాలు కడుక్కో" అన్నారు మా ప్రొఫెసర్. నాది పందొమ్మిదేళ్ల సర్వీసు. వేరే పొడి పంపండి.
ఇట్లు,
ఐసొబెల్ గౌర్లే
తా.క.: అది మైదాపిండేమోనని అనుమానం. దాంతో స్కోన్ రొట్టెలు చేసి చూద్దామనుకున్నాం, ధైర్యం చాలలేదు.

లీడ్స్, మార్చి 9
శ్రీమతి గౌర్లే గారికి,
అదే పొడి మా కణాలపై వేశాం. మంగళవారం వేస్తే శనివారానికి ఒక్కటీ మిగల్లేదు. మీ కణాలకు ఇదివరకు ఈ మందు అలవాటుందా?
భవదీయుడు,
విల్ఫ్రెడ్ టాన్స్లీ
తా.క.: స్కోన్లు చేయకండి. ఇది కంపెనీ అధికారిక అభిప్రాయం.

గ్లాస్గో, మార్చి 13
టాన్స్లీ గారికి,
క్రిస్మస్ నుంచీ అదే తింటున్నాయి. మొదటిసారి లక్షల్లో చచ్చి నాలుగు మిగిలాయి. యుద్ధకాలంలో పెరిగినదాన్ని, ఏదీ పారేయలేను. వాటినే పెంచి సీసాలు నింపాను. మందు రెట్టింపు చేశాక మిగిలినవాటినీ పెంచాను. ఇందులో నా తప్పేముంది?
ఇట్లు,
ఐసొబెల్ గౌర్లే
తా.క.: ప్రొఫెసర్ గారు నాకు సీసాలు కడిగే రబ్బరు తొడుగులు కొన్నారు. భయంగా ఉంది.

లీడ్స్, మార్చి 18
అమ్మా,
తప్పంతా అక్కడే ఉంది. మా పొడి దానంతటది చంపదు. కణం పెరగడానికి ప్యూరిన్లనే ముడిసరుకు కావాలి; బయట దొరికిన ప్యూరిన్లను వాడకానికి మార్చే ఎంజైము కణంలో ఉంటుంది. అది మా పొడినీ ప్యూరినే అనుకుని మారుస్తుంది, అప్పుడది విషమవుతుంది. ఏ లక్షల్లో ఒకదానికో ఆ ఎంజైము ఉండదు. అది తన ప్యూరిన్లు తానే చేసుకుని బతికిపోతుంది. మీరు మూడు నెలలుగా ఏరి పెంచింది వాటినే. సొంత తయారీని ఆపే మందు వేసి, బయటినుంచి ప్యూరిన్లు పెట్టి చూడండి. మామూలు కణాలు బతుకుతాయి, మీవి చస్తాయి.
భవదీయుడు,
విల్ఫ్రెడ్ టాన్స్లీ
తా.క.: అలాంటి కణాల కోసం మావాళ్లు రెండేళ్లుగా తంటాలు పడుతున్నారు. ఒక సీసా ఇప్పించగలరా?

గ్లాస్గో, మార్చి 27
టాన్స్లీ గారికి,
మీ ఉత్తరం ప్రొఫెసర్ గారే ముందు చదివారు. "వీడెవడు నాకు చెప్పడానికి!" అని, మీది తప్పని తేల్చడానికి ఉన్న సీసాలన్నిటిలో మీరు చెప్పిన మందూ ప్యూరిన్లూ పోసేశారు. మీరన్నట్టే అన్నీ చచ్చాయి. ఆ తర్వాత మీ తా.క. చదివారు.
"ఐసొబెల్, ఒక్కటైనా మిగిలిందామ్మా?" అన్నారు. ఆ గొంతు విని నాకు నిజంగా జాలేసింది. ఆయన జనవరిలో పారబోయమన్నా నేను దాచి పెంచుతున్న ఆ కణాల సీసా ఒకటి ఇంక్యుబేటర్ కింది అరలోంచి తీసిచ్చాను. ఇప్పుడు తొడుగులు ఆయనే వేసుకుంటున్నారు. మీ వాటా పంపుతున్నాను.
ఇట్లు,
ఐసొబెల్ గౌర్లే
తా.క.: సీసా కడిగి తిరిగి పంపండి.