పిన్ సరిగ్గానే పడింది

జూన్ 4, బుధవారం. బార్సిలోనా, సాయంత్రం 6:20

నా కార్డు పోయింది. పోయిందని కూడా అనలేను. పర్సులో కార్డు ఉంది. అది నాది కాదు.

పాలు, బ్రెడ్ కొని కార్డు పెడితే డిక్లైన్. మళ్లీ పెట్టాను. డిక్లైన్. తీసి చూస్తే అదే నీలం రంగు, పేరు మాత్రం ఎవరో జర్మన్ ఆవిడది.

మధ్యాహ్నం మెట్రో టికెట్ మెషీన్ దగ్గరే జరిగింది. ఒకడొచ్చాడు, ఆరెంజ్ జాకెట్ వేసుకున్నాడు, మెడలో ఐడీ. స్క్రీన్ ఇంగ్లిష్‌లోకి మార్చిపెట్టాడు. కార్డు ఇరుక్కుంటే తీసిచ్చాడు. థాంక్యూ కూడా చెప్పాను. పిన్ కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నానా? పెట్టుకునే ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా పెట్టుకుంటున్నాను.

యాప్ తెరిచి బ్లాక్ చేశాను. అప్పటికే రెండుసార్లు ఏటీఎంలో తీశారు. ఒక ఫోన్ల షాపులో గీకారు. మొత్తం రెండువేల మూడువందల సింగపూర్ డాలర్లు.

జూన్ 5, గురువారం

పొద్దున టిఫిన్ దగ్గర మా ఆయన చైతన్య నాకు కార్డు భద్రత గురించి క్లాసు పీకాడు. నాకు! బ్యాంకులో కార్డుల ఫిర్యాదులు చూసేది నేను. రెండు కార్డులు రెండు చోట్ల పెట్టమన్నది నేను. ఏటీఎం అయితే బ్యాంకు లోపలిదే వాడమన్నది నేను. మెషీన్ సింగపూర్ డాలర్లలో కడతారా అని అడిగితే వద్దు, యూరోల్లోనే అనమన్నది నేను. హోటల్ డిపాజిట్‌కి కావాలని నా కార్డు లిమిట్ పెంచమన్నది మాత్రం తను. అది గుర్తు చేస్తే ఆమ్లెట్ వైపు చూశాడు.

మా అమ్మాయి అనన్యకి పద్నాలుగేళ్లు. 'యూ సో కేర్‌ఫుల్ వన్, స్టిల్ కెన్ హ్యాపెన్ లా' అంది, ఇంత జాగ్రత్త మనిషివి, నీకూ జరిగిందా అన్నట్టు. మొగుడికన్నా అదే నయం.

జూన్ 6

పోలీస్ స్టేషన్‌లో రెండు గంటలు. వాళ్లడిగిన మొదటి ప్రశ్న, చెయ్యి అడ్డం పెట్టుకున్నారా అని.

జూన్ 11, బుధవారం. సెంగ్‌కాంగ్, సింగపూర్

మా బ్యాంకులోనే క్లెయిమ్ పెట్టాను. స్టాఫ్ కేసు కాబట్టి నేను ముట్టుకోకూడదు. తన్మయికి వెళ్లింది. నేను ట్రెయినింగ్ ఇచ్చిన పిల్ల. పోలీస్ కాగితం, ఆ జర్మన్ ఆవిడ కార్డు ఫోటో, టైములు, అన్నీ జతచేశాను. ఇంత శుభ్రమైన ఫైలు మా డిపార్ట్‌మెంట్‌కి ఎప్పుడూ వచ్చి ఉండదు.

జూన్ 20, శుక్రవారం

రిజెక్ట్.

'పిన్ సరిగ్గా నమోదైనందున లావాదేవీలు ఖాతాదారు అనుమతితో జరిగినట్లే పరిగణిస్తాము.' ఈ వాక్యం నాలుగేళ్ల క్రితం నేను రాసిందే. ముందు మూడు పేరాలుండేవి. ఒక్క లైన్లోకి తెచ్చానని బాస్ మీటింగ్‌లో మెచ్చుకున్నాడు.

తన్మయి సీటు దగ్గరికి వెళ్లాను. ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఎలా మూసేశావన్నాను. ఆ పిల్ల భయపడలేదు. "పిన్ సరిగ్గా పడితే ప్రశ్నలు అక్కర్లేదని మీరే చెప్పారక్కా" అంది. వెటకారం లేదు. నిజంగానే అలా నేర్చుకుంది.

ఇంటికొస్తూ ఎల్ఆర్‌టీ రైల్లో మా స్టేషన్ దాటిపోయాను. లూప్ మొత్తం ఇంకోసారి తిరిగితేగానీ కోపం దిగలేదు. దిగింది కూడా తన్మయి మీదదే.

జూన్ 23, సోమవారం

పెద్దిరాజుగారు. ఇదివరకు నేను కాదన్న ఒక ఖాతాదారు. రెండ్రోజులుగా ఆయన గొంతే వినిపిస్తోంది.

బూన్ లేలో ఉంటారు. షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యారు. భీమవరం వైపు మనిషి. భార్యతో టూర్‌కి వెళ్లి రోమ్‌లో కార్డు పోగొట్టుకున్నారు. మాది తెలుగేనని తెలిసి ఫోన్లో ఎంత సంబరపడ్డారో. నేను తెలుగులోనే, చాలా మర్యాదగా, కుదరదని చెప్పాను. ఉత్తరం పంపాను. అదే వాక్యంతో.

ఇవాళ ఆ ఫైలు తెరిచాను. ఉత్తరం తేదీ జనవరి పది. బ్యాంకు కాదంటే బయట ఫిర్యాదుల కేంద్రానికి వెళ్లొచ్చు. ఆర్నెల్ల గడువు. ఆ సంగతి ఉత్తరంలో రాశాం, రెండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆయన వెళ్లలేదు. ఇంకా పదిహేడు రోజులుంది.

జూన్ 25

ఆయనకి ఫోన్ చేసి గడువు సంగతి చెబుతానని బాస్‌ని అడిగాను. ఉత్తరంలో రాశాం కదా, మన బాధ్యత అయిపోయిందన్నాడు. ఆయనకి అరవయ్యేడన్నాను. వయసు మన చెక్‌లిస్టులో లేదన్నాడు. ఆ చెక్‌లిస్టూ నేను చేసిందే. అందుకే నోరు మూసుకుని వచ్చాను.

జూన్ 26, గురువారం. మధ్యాహ్నం 2:10

చేశాను. ఆఫీస్ లైన్ నుంచే, రికార్డయ్యే ఫోన్ నుంచే. దొంగచాటుగా చెయ్యడానికి ఇదేం దొంగతనం కాదు.

పేరు చెప్పగానే గుర్తుపట్టారు. గడువు గురించి చెప్పాను.  "అప్పుడెందుకు చెప్పలేదండీ" అన్నారు.

ఉత్తరంలో ఉందన్నాను. నాలుక కరుచుకున్నాను.

"ఇప్పుడెందుకు చెబుతున్నారండీ మరి?"

నాకూ జరిగింది, అదే జవాబు వచ్చిందని చెప్పాను. చెప్పడానికి అబద్ధమేదీ దొరకలేదు.

"అంటే మీకు జరక్కపోతే నాకు జరగనట్టేనాండి" అన్నారు. గొంతు పెంచలేదు. ఫోన్ పెట్టేశారు.

ఆయనకి కోపం రావడం న్యాయం. నాకెందుకొచ్చిందో తెలీదు. సాయం చెయ్యబోతే ఇలా అంటారా అని గంటసేపు లోపల ఉడికాను. నాలుగింటికి ఆయనే చేశారు. ఆ కాగితాలు తనకి చదవడం రాదు, శనివారం రాగలరా అని.

జూన్ 28, శనివారం

సెంగ్‌కాంగ్ నుంచి బూన్ లే అంటే ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరికి. వెళ్లడం రూల్‌కి విరుద్ధం. తెలుసు.

వాళ్లింటి దగ్గరి హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య కూర్చున్నాం. ఆయన భార్య పేరు లక్ష్మీదేవి. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి మాకోసం చోప్ చేసి, అంటే సీట్లు ఆపి ఉంచారు. నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. కాఫీ మాత్రం తెచ్చిపెట్టారు.

రాజుగారు చెప్పారు. రోడ్డు మీది ఏటీఎం. వెనక ఒకామె నేల మీద నోటు చూపించి మీదేనా అంది. ఆయన వంగారు. లేచేసరికి మెషీన్లో కార్డు లేదు. పిన్ కొట్టేటప్పుడు పక్కనే ఇంకొకడు నిలబడ్డాడు. అప్పుడే మీకు చెప్పాను కదమ్మా అన్నారు.

నిజమే, చెప్పారు. నా నోట్‌లో ఉంది. 'మూడో వ్యక్తి సమీపంలో ఉన్నట్టు ఖాతాదారు అంగీకరించారు.' ఆయన ఫిర్యాదు చేశారు. నేను దాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నాను. ఆ ఒక్క మాట మీదే కేసు మూశాను.

అది కూడా ఆయనకి చదివి వినిపించాను. లక్ష్మీదేవిగారు అప్పుడు మాట్లాడారు. ఆ డబ్బు పోయినందుకు కాదు, అప్పట్నుంచీ ఈయన మార్కెట్‌కి కూడా కార్డు పట్టుకెళ్లడం లేదు, తన బుర్ర మీద తనకే నమ్మకం పోయింది అన్నారు. నా వైపు చూసి కాదు, కాఫీ గ్లాసు వైపు చూసి.

ఫిర్యాదు నేను రాశాను. ఆయన సంతకం చేశారు.

జులై 3

ఫిర్యాదు అందినట్టు ఆయనకి మెయిల్. నాకు హెచ్‌ఆర్ నుంచి మెయిల్. షోకాజ్ నోటీసు, ఖాతాదారుకి ఫిర్యాదు ఎందుకు రాసిపెట్టావని. ఒక్క లైన్లో జవాబిచ్చాను. ఒక్క లైన్లో రాయడం నాకు బాగా వచ్చుకదా.

ఆగస్టు 12, మంగళవారం

ఫిర్యాదుల నుంచి తీసి నన్ను స్టేషనరీ వెండర్ల బిల్లులు చూసే పని మీద వేశారు. చైతన్య ఇంతకి ఇంత అవసరమా అన్నాడు. జీతం అదే కదా అన్నాను. నేనెందుకు ఇలా చేశానో నీకు ఇంకా అర్థం కాలేదా అని అడిగాను. అయింది, అందుకే భయమేస్తోందన్నాడు. ఈ మనిషి ఇన్నాళ్లకి ఒక నిజం చెప్పాడు.

అక్టోబర్ 13, సోమవారం

రేపు ఫిర్యాదుల కేంద్రంలో రాజుగారి కేసు. లీవ్ ఫారంలో కారణం రాయందే సబ్మిట్ కావడం లేదు. సాక్ష్యం అని రాశాను. బాస్ అప్రూవ్ చేశాడు. 

అక్టోబర్ 14, మంగళవారం

నా సాక్ష్యం విన్నాక సగం ఇస్తామంది బ్యాంకు. రాజుగారు పెన్ను మూత పెట్టి, మిగతా సగం ఎవరి తప్పో రాసివ్వండి, అప్పుడు సంతకం పెడతానన్నారు.

రాయడానికి బ్యాంకు వాళ్లెవరూ ముందుకు రాలేదు. పావుగంట చూసి, మొత్తం ఇచ్చారు.