ఆయిల్ పుల్ల, పిడికెడు దూది

వేంపల్లె

మౌలాలన్నకు నీ చెల్లెలు మాబున్ని సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ, వదినా, పిల్లలూ కూడా బాగున్నారనే నా నమ్మకం. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? పరుపు కుట్టేటప్పుడు వదిన వేలికి దిగిన దబ్బనం గాయం మానిందా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఎందుకంటావేమో. దూది మిషన్ మోతకు నీ చెవులు సగం పోయాయి. నేనొకటి చెబితే నువ్వొకటి వింటావు. వదినకు చెప్పి నీకు చెప్పమంటే, ఆమె ముందు నవ్వుతుంది, నవ్వి నవ్వి అసలు సంగతి మరిచిపోతుంది. ఇది నీ కళ్లతో నువ్వే చదువుకోవాలి.

ఆత్మకూరు వదిలి వచ్చి ఇన్నాళ్లయినా నాకు ఈ ఊరు ఇంకా అలవాటు కాలేదు అన్నా. ఎండ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ సాయంత్రానికి నల్లమల వైపు నుంచి కాస్త గాలి వచ్చేది. ఇక్కడ పొద్దు గూకినా బండలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఈ నీళ్లలో పప్పు ఉడకదు. అంగడివాడు పాత పప్పు అంటగట్టాడని ఒక అంగడి మార్చాను, ఇంకొకటి మార్చాను. మూడో అంగడి పప్పు కూడా ఉడకకపోయేసరికి తప్పు నీళ్లదని తెలిసింది. అయినా మొదటి అంగడికి మళ్లీ పోలేదు. తూకంలో ఏదో ఉందని నా అనుమానం. మీ బావ నవ్వి, "నీకు దేవుడు కండ్ల బదులు జల్లెడ పెట్టినాడే" అన్నాడు.

సంగటి బాగా తింటున్నాం, దిగులు పడొద్దు. ఇరుగుపొరుగు మంచివాళ్లే. కాకపోతే ఎవరి బిడ్డవని అడిగితే నాయన పేరు చెబుతాను, ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఇక బండి సంగతి. స్కూటరు మీద నుంచి పడ్డాక మీ బావ ఎడమ కాలు క్లచ్ తొక్కడానికి పనికిరాకుండా పోయింది. అందుకే కదా వెతికి వెతికి ఈ పాత ఆటోమేటిక్ కారు కొన్నాం. తుమ్మలపల్లె గనికి డ్యూటీకి పోయేవాళ్లను పొద్దున దింపుతాడు, సాయంత్రం తీసుకొస్తాడు. ఈ బండి మూలపడితే ఇంకో బండి తోలలేడు. అప్పట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని నువ్వూ చూశావు. అన్నం తిన్నావా అంటే కూడా పలికేవాడు కాదు. స్టీరింగ్ చేతికొచ్చాకే మళ్లీ మనిషయ్యాడు. ఆ మంచం రోజులు మళ్లీ చూడలేను అన్నా.

అట్లాంటి బండి పోయిన నెలలో ఉన్నట్టుండి జర్కులు ఇవ్వడం మొదలుపెట్టింది. కదిలేటప్పుడు ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఎగిరేది. మెయిన్ రోడ్డు మీద పెద్ద షెడ్డు ఉంటే అక్కడికి తీసుకుపోయాం. ఆ మెకానిక్ బానెట్ ఎత్తి, "కొంచెం సేపు పడతాది, టీ తాగి రాపోండి" అన్నాడు. తాగి వచ్చేసరికి డబ్బా నిండా తారు లాంటి నల్లటి నూనె చూపించాడు.

"చూడప్పా, నీ గేర్‌బాక్సులోదే. ఆయిల్ మాడిపోయిండాది. అంతా కడిగి కొత్తది పోయాల. దాంతో ఒక మందు సీసా కూడా పోసినామంటే బాక్సుకు తిరుగుండదు. ఇప్పుడు చేపియ్యకుంటే వారంలో బాక్సు పోతాది."

మీ బావ మామూలుగానే తల ఊపాడు. నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. మమ్మల్ని టీకి పంపింది ఎవరు? ఆ డబ్బా ఎక్కడి నుంచి వచ్చింది?

"మళ్లీ ఒకసారి మా కండ్ల ముందర తీయన్నా, చూస్తాం" అన్నాను.

"లోపలికి కస్టమర్లు రాకూడదమ్మా. నువ్వు చూస్తే మాత్రం ఏం తెలుస్తాది?"

నాకు మన అంగడి గుర్తొచ్చింది. పాత పరుపుల దూది ఏకించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు, మంచి బూరుగు దూది తీసుకుని చెత్త దూది కలుపుతామేమోనని మన చేతుల వైపే గుడ్లప్పగించి చూసేవాళ్లు. నాకు కోపం వచ్చేది. నాయనకు వచ్చేది కాదు. వాళ్లు అడగకముందే స్టూలు వేసేవాడు. మిషన్‌లో పోసే ముందు వాళ్ల దూదిలోంచే పిడికెడు తీసి వాళ్ల చేతిలో పెట్టి, "ఇది నీ సరుకు. పని అయినాక దీని పక్కన పెట్టి చూస్కో" అనేవాడు. నువ్వూ ఇప్పటికీ అట్లాగే చేస్తావు. స్టూలు వేయని చోట నేనెట్లా పని చేయించుకుంటాను చెప్పు? "పోనీలే, చెప్పినాడు గదా, చేపిద్దాం" అని మీ బావ అంటున్నా వినకుండా బండిని ఇంటికి తిప్పించాను.

ఇంటికి రాగానే నా దిండు కుట్టు విప్పి పిడికెడు బూరుగు దూది తీశాను. గేర్‌బాక్సులో ఆయిల్ చూసుకోవడానికి ఈ పాత బండికి ఒక పొడుగాటి పుల్ల ఉంది. దాన్ని లాగి దూదితో తుడిచాను. ఇటుక రంగు అంటింది, నలుపు లేదు. దొంగ దొరికాడని ఎంత సంబరపడ్డానో! అప్పటి నుంచి రోజూ పొద్దున మీ బావ బయలుదేరే ముందు కొత్త దూదితో పుల్ల తుడిచి, రంగు చూసి, పుల్లను మళ్లీ లోపల పెట్టడం నా పని అయింది. తుడిచిన దూదులన్నీ కిటికీలో వరసగా పెట్టి పోల్చుకునేదాన్ని. మీ బావ పక్కనే నిలబడి చూసేవాడు. నా దిండు చిక్కిపోయింది కానీ బండి ఎగరడం మానలేదు. పైగా ఎక్కువైంది.

చివరికి పక్కింటామె చెబితే వంక అవతల చిన్న షెడ్డు పెట్టుకున్న ఓబులేసన్న దగ్గరికి పోయాం. ఆయన బండి ఒక చుట్టు తిప్పి చూసి, కింద దూరి చూసి వచ్చాడు.

"సీలు దగ్గర కారతాండాది. ఆయిల్ తగ్గి ఎగురుతాండాది, అంతే. సీలు వేసి, తగ్గినంత పోస్తే సరిపోతాది. మొత్తం మార్చే పనేం లేదు" అన్నాడు.

పని వద్దనే మెకానిక్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఇతను మొదటివాడికంటే ముదురనుకున్నాను. ఆటోమేటిక్ బండి పని రాదేమో. బాక్సు పూర్తిగా పోయేదాకా ఆగి పెద్ద పని పట్టాలని చూస్తున్నాడేమో. ఆ షెడ్డువాడికి చుట్టమేమోనని ముక్కు తీరు కూడా చూశాను.

ఓబులేసన్న ఆయిల్ ఎంతుందో చూద్దామని పుల్ల లాగాడు. దాన్ని ఎండకు పట్టుకుని ఆగిపోయాడు.

"ఈ నూగు యాడిదప్పా?"

పుల్ల పొడుగునా సన్నటి పోగులు. నేను ఆగుతానా!

"ఆ షెడ్డోడే వేసినాడు! పని ఇయ్యలేదని కసి తీర్చుకున్యాడు! మమ్మల్ని టీకి పంపినప్పుడే అనుకున్యా!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు నిలబడ్డారు. పోలీసులన్నాను, పంచాయితీ అన్నాను. అరుస్తూనే ఆ పుల్లను నా కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను.

నూనెలో మునిగినా ఆ పోగులు మెరుస్తున్నాయి. బూరుగు దూది మెరుపు నాకు ఇంకొకరు చెప్పాలా అన్నా? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

"ఇది కింద ఆయిల్ వడగట్టే జాలీకి అడ్డం పడితే ఆయిల్ పారదు. బాక్సు పట్టేస్తాది" అన్నాడు ఓబులేసన్న. "పుల్ల తుడిచేది నూగు రాలని గుడ్డతో గదా. దూదితో తుడిచింది ఎవురు?"

నేను పుల్లను ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను.

"నేనేన్నా" అన్నాడు మీ బావ. "మా ఇంట్లో దూది శానా ఉంటాది. చేతికందింది పట్టుకున్యా."

"బండి తోలే మనిషివి, ఈ మాత్రం తెలీదా నీకు?" అని నలుగురిలో తిట్టాడు ఆయన. మీ బావ తల ఊపుతూ నిలబడ్డాడు.

ఇక కింది ప్యాన్ విప్పక తప్పలేదు. పాత ఆయిలంతా తీయకా తప్పలేదు. మార్చే పని లేదన్న ఆయిల్‌ను నేనే మార్పించాను. నేనొక పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చుంటే ఓబులేసన్న ఏమీ అనుకోలేదు. "ఇట్ల జరిగి కూర్చోమ్మా, ఆడ్నుంచి కనపడదు" అన్నాడు. దిగిన ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. నేను అనుకున్నంత ఎరుపు కాదు, షెడ్డువాడు చూపించినంత నలుపూ కాదు. వాడు చూపిన డబ్బా మాత్రం మాది కాదని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. జాలీకి నా దిండు దూది పొరలా అతుక్కుని ఉంది. ఇంకొన్నాళ్లు అట్లాగే తుడిచి ఉంటే, మీ బావను మళ్లీ ఆ మంచం మీదికి చేర్చేది ఏ దొంగ మెకానికో కాదు, నేనే.

వచ్చేటప్పుడు బండిలో అడిగాను. "ఏమిటికి నీ మీద వేసుకుంటివి? రోజూ పక్కనే నిలబడి చూస్తివి గదా, వద్దని ఒక మాట చెప్పకూడదా?"

"నాకేం తెలుసు మాబున్నీ. దూది సంగతి నీకన్నా ఎవురికి తెలుస్తాది? నువ్వు చేస్తాంటే సరిగ్గానే ఉంటాదనుకున్యా" అన్నాడు.

అందరినీ నమ్ముతాడని ఇన్నేళ్లూ ఆయనను ఎగతాళి చేశాను అన్నా. ఆ అందరిలో నేనూ ఉన్నానని ఒక్కసారి కూడా అనుకోలేదు. దారి పొడుగునా కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. దుమ్మనుకుని అద్దం ఎక్కించాడు.

బండి ఇప్పుడు సాఫీగానే పోతోంది, దిగులు పడొద్దు. కొన్నాళ్లకు ఇంకోసారి విప్పి జాలీ చూడాలన్నాడు ఓబులేసన్న. అది నిజంగా అవసరమేనా, లేక పని కల్పించుకుంటున్నాడా అని నా బుద్ధి అప్పుడే మొదలుపెట్టింది. పోయి ఆ డబ్బా మీద కూర్చుంటాను, ఇంకేం చేయను. నువ్వు మాత్రం పరుపు గుడ్డ కత్తిరించగా మిగిలిన పేలికలు కొన్ని ఈ వైపు వచ్చేవాళ్ల చేత పంపించు. దట్టంగా నేసిన గుడ్డ కదా, నూగు రాలదు. ఇక మీదట పుల్ల ఆయన తుడుస్తాడు, నేను పక్కన నిలబడతాను. నా దిండుకు కాస్త దూది కూడా పంపించు. ఎందుకని వదిన అడిగితే ఎలుక కొట్టిందని చెప్పు. నాయనకు నా సలాములు చెప్పి, మా కోసం దువా చేయమను. స్టూలు వేయని చోట పని చేయించలేదని చెబితే సంతోషపడతాడు. మిగతాది చెప్పొద్దు. పిల్లలకు నా ముద్దులు.

ఇంతలో వాకిట్లో బండి ఆగింది, జర్కు లేకుండా. మీ బావ లోపలికి వచ్చి ఏం రాస్తున్నావని అడిగాడు. చూపించమంటే చూపించేదాన్నే. అన్నకు రాస్తున్నానంటే, సరేనని తల ఊపి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నీ దీవెన కోరే చెల్లెలు,
మాబున్ని