నలభై దినాల గది

జెద్దా
9 ఫిబ్రవరి 2018

అమ్మకు సలాం. ఇక్కడ నాయనా నేనూ బాగానే ఉన్నాం. నువ్వు చూసుకోవడానికి పోయిన జేజికి కాలి కట్టు విప్పారని చదివి సంతోషించాం.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. కొత్త ఇల్లు ఎలాంటిది? నీ రీ-ఎంట్రీ వీసా గడువు ఎప్పుడు పొడిగిస్తారు, నువ్వు ఎప్పుడు తిరిగి రావచ్చు? మొదటిదానికి ముందు రాస్తాను.

ఇది ఇల్లు కాదు, రిబాత్. దిక్కులేని ఆడవాళ్ళు తలదాచుకోవడానికి నూట ఇరవై ఏళ్ళ కిందట ఒక వర్తకుడి భార్య వక్ఫ్‌గా రాసిచ్చిందట. వక్ఫ్ అంటే ఎవరూ అమ్మలేని, కొనలేని ఆస్తి. ఆ మాట ఎంతో నచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. గోడలు పగడపు రాతివి. గదులు పంతొమ్మిది. అప్పట్లో మగవాళ్ళు గడప దాటకూడదట. నీళ్ళు తెచ్చేవాడు బయటే పెట్టి, తలుపు తట్టి పోయేవాడు. ఆడవాళ్ళు తగ్గిపోయాక కూలీల క్యాంపు అయింది. ఉద్యోగాలు ముందు ఈ దేశంవాళ్ళకే అంటూ నితాకత్ చట్టం వచ్చిన ఏడు వాళ్ళూ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళ తలకింత అని సర్కారు వేసిన లెవీ కట్టలేక ఊళ్ళకు పోతున్న కుటుంబాల సామాన్లకు కార్గోవాళ్ళు దీన్ని గోడౌన్ చేసుకున్నారు. నాయన కాపలా ఉంటాడు, మాకు పై గది ఇచ్చారు.

ఇదంతా చెప్పింది సురయ్యవ్వ. ఆదోని నుంచి హజ్‌కు వచ్చి, భర్త ఇక్కడే చనిపోతే, మా గదిలోనే ఇరవై ఏళ్ళు ఉంది. ఇప్పుడు సందు చివర ఉంటోంది. నాయనను చూసినప్పుడల్లా, "మొగోడు ఈ మెట్లెక్కినాడని తెలిస్తే ఈ రిబాత్ నడిపిన మా పెద్దమ్మ గోరీలో లేచి కూచుంటాది" అని నవ్వుతుంది.

ఎవరైనా నలభై దినాలు బయట ఉంటే గది ఇంకొకరికి ఇచ్చేవారని అవ్వే చెప్పింది.

"నేనొచ్చిన పొద్దు ఎవురిదో చాప ఈడనే ఉన్నింది. కూతుర్ని చూసొస్తానని పోయి, గడువుకు రాలేదంట. ఆ చాప మీదనే పండుకున్న్యా."

"పాపం అనిపించలేదా అవ్వా?"

"అనిపించింది పాపా. నిద్ర గూడా వచ్చింది."

ఇక రెండో ప్రశ్న. పోయిన నెల నాయన నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"ఈ ఏడు ఒకరి లెవీనే కట్టగలనమ్మా. మీయమ్మది కడితే నువ్వు పరీక్షలకు ముందే ఊరికి పోవాల. నీది కడితే ఆమె వీసా పొడిగించరు, తిరిగి రాలేదు. ఎవురిది కట్టమంటావు?"

"నాది" అన్నాను. ఆలోచించడానికైనా ఆగలేదు. నాయన "సరేలే" అన్నాడు.

నీ గడువు దాటిపోయింది. ఆ వీసా మీద ఇక రాలేవు. ఇంకొకటి తీసే శక్తి నాయనకు లేదు. ఫోన్‌లో ఆయన "వచ్చే వారం చేయిస్తా" అంటున్నది నేను బతిమాలినందుకే.

పరీక్షలు మార్చి ఐదున మొదలవుతాయి. ఆయనను ఏమీ అనొద్దమ్మా. ఇప్పుడు మళ్ళీ అడిగినా నేను ఆ మాటే చెబుతాను. అది తెలుసు కాబట్టే ఇన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను.

ఇట్లు
నీ కూతురు
ఇస్మత్